ఫొటోగ్రఫీ పాఠం 5: 1/250 పెట్టినా కళ్లు మసకగా వస్తే

పోయిన పాఠం తర్వాత చాలామంది ఒకే మాట అన్నారు: షట్టర్ స్పీడ్ 1/250 (అంటే సెకనులో 250వ వంతు) పెట్టినా ముఖం మసకగానే ఉంది అని. కొందరైతే 1/1000 దాకా పెంచి, అందుకోసం ఐఎస్ఓ (ఫొటో వెలుగును పెంచే సెట్టింగ్) 6400కి వెళ్లారు. ఫొటోలో నాయిస్ (ఇసుక చల్లినట్టు చుక్కలు) చేరింది, మసక మాత్రం పోలేదు. ఈ వారం చెప్పాల్సిన ఐఎస్ఓ పాఠాన్ని అందుకే పక్కన పెడుతున్నాను.

ముందు ఫొటోను కంప్యూటర్‌లో 100 శాతం సైజులో చూడండి. కెమెరా వెనక స్క్రీన్ మీద అన్నీ బాగానే కనిపిస్తాయి. ఫొటో అంతా ఒకే దిక్కుకు ఈడ్చినట్టుంటే మీ చెయ్యి అదిరింది. గోడ స్పష్టంగా ఉండి మనిషి అలికినట్టుంటే మనిషి కదిలాడు. చెవో, చొక్కా గుండీయో స్పష్టంగా ఉండి కళ్లు మాత్రం మెత్తగా ఉంటే ఫోకస్ తప్పింది.

మొదటి రెండింటికీ షట్టరే మందు. చెయ్యి అదిరినా తెలియకూడదంటే, ఏపీఎస్-సీ (సెన్సర్ చిన్నగా ఉండే రకం) కెమెరాలో 50 మి.మీ. లెన్స్ అయితే 50ని 1.5తో గుణించండి, 75 వస్తుంది. కనీసం 1/80 పెట్టండి. నడిచే మనిషికి 1/250, పరిగెత్తే పిల్లలకు 1/500. లెన్స్‌లోని స్టెబిలైజేషన్ (కుదుపును సరిచేసే ఏర్పాటు) మీ చేతి అదురును తగ్గిస్తుంది, ఎదుటి మనిషి కదలికను ఆపలేదు.

మీ ఫొటోల్లో ఎక్కువ భాగం మూడో రకానివే. కారణం దాదాపు అన్నిట్లోనూ ఒకటే: మధ్య ఫోకస్ పాయింట్‌ను కంటి మీద పెట్టి, బటన్ సగం నొక్కి, ఆ తర్వాత ఫ్రేము కోసం కెమెరా తిప్పడం. ఈ అలవాటును దయచేసి మానండి. అదే 50 మి.మీ. లెన్స్‌తో ఎపర్చర్ (లెన్స్ లోపలి రంధ్రం; ఎఫ్ అంకె చిన్నదైతే రంధ్రం పెద్దది) ఎఫ్ 1.8 పెట్టి, ఒక మీటరు దూరం నుంచి తీస్తే స్పష్టంగా వచ్చే మేర ముందూ వెనకా కలిపి 3 సెంటీమీటర్లకు మించదు. కంటికి ముందు ఒకటిన్నర కూడా లేదు, వెనక అంతే. ఫోకస్ నిలిచేది లెన్స్‌కు ఎదురుగా ఉన్న ఒక తలం మీద. కెమెరాను 10 డిగ్రీలు తిప్పితే ఆ తలమూ తిరిగి, కంటికి ఒకటిన్నర సెంటీమీటర్లు వెనక్కి పోతుంది. దీనికి తోడు ఫోకస్‌కూ క్లిక్‌కూ మధ్య మీరు ముందుకో వెనక్కో ఊగుతారు. ఊపిరి తీసుకున్నా చాలు, ఇక కన్ను దక్కదు. ఇందులో షట్టర్ చేయగలిగిందేమీ లేదు.

అదే మూడు మీటర్ల దూరంలో ఎఫ్ 5.6 అయితే స్పష్టమైన మేర దాదాపు 80 సెంటీమీటర్లు. అంతే కోణం తిప్పితే వచ్చే తేడా నాలుగున్నర సెంటీమీటర్లే. అక్కడ ఈ అలవాటు ఏ హానీ చేయదు. అందుకే కెమెరాతో పాటు వచ్చే కిట్ లెన్స్‌తో ఎన్నాళ్లు తీసినా ఈ తప్పు బయటపడదు, 50 మి.మీ. లెన్స్ కొన్న రోజే పడుతుంది; అందరూ లెన్స్‌నే తిడతారు.

చేయాల్సింది ఇది. ముందు ఫ్రేము కట్టండి. తర్వాత సింగిల్ పాయింట్ ఎంచుకుని, ఆ పాయింట్‌నే జరిపి దగ్గరగా ఉన్న కంటి మీద పెట్టండి. ఐ-ఏఎఫ్ (కంటిని తానే వెతికి ఫోకస్ చేసే సదుపాయం) ఉన్న కెమెరాలో అది ఆన్ చేస్తే చాలు. ఫోకస్ మోడ్ ఏఎఫ్-సీ (ఫోకస్‌ను ఆపకుండా సరిచేస్తూ ఉండేది) పెట్టండి. కేనన్‌లో దాని పేరు సర్వో. కూర్చున్న మనిషికి కూడా నేను అదే వాడతాను, మనిషి ఊగినా ఫోకస్ వెంటాడుతుంది. ఎపర్చర్ ఎఫ్ 2.8కి తగ్గించండి. ఒంటరి ముఖానికి ఎఫ్ 1.8 అక్కర్లేదని నా అభిప్రాయం.

అభ్యాసం: కూర్చున్న మనిషిని ఒక మీటరు నుంచి, 1/250లో, ఎఫ్ 1.8, 2.8, 4ల దగ్గర పాత పద్ధతిలో ఇరవై చొప్పున, పాయింట్ జరిపి ఇరవై చొప్పున తీయండి. మొత్తం 120. ఒక్కొక్కటీ 100 శాతంలో తెరిచి, కనురెప్ప వెంట్రుకలు విడివిడిగా కనిపించినవే లెక్కపెట్టి, ఆరు అంకెలూ రాసుకోండి. ఐఎస్ఓ పాఠానికి అవి కావాలి.