దమ్ము చేసిన బంకమట్టితో చెత్తగుంట: ఊటబావికి మురుగు చేరకుండా కట్టే పద్ధతి

గుణుపురం నుంచి పర్లాకిమిడి దాకా వంశధార, మహేంద్రతనయ నదుల పక్కనున్న మన తెలుగు పల్లెల్లో చాలాచోట్ల తాగునీటి బావికి కూతవేటు దూరంలోనే పెంటగుంట ఉంటుంది. పశువుల పేడ, ఇళ్ళలోని తడి చెత్త, సంత రోజున మిగిలిన కుళ్ళు కూరగాయలు అక్కడే పడతాయి. వాన పడినప్పుడు ఆ పోగు నుంచి దిగే నల్లటి ఊట ఎర్రనేలలోకి ఇంకి, నైట్రేటును, రోగక్రిములను వెంటబెట్టుకుని బావి వైపు సాగుతుంది. నది మన ఊరితో ఆగదు. వంశధార ఇక్కడ మోసుకున్నదంతా శ్రీకాకుళం జిల్లా మీదుగా కళింగపట్నం దాకా వెళుతుంది. అందువల్ల గుంటకు అడుగు కట్టడం మన వీధి ఒక్కదానికే మేలు చేసే పని కాదు.

పది మీటర్ల పొడవు, పది మీటర్ల వెడల్పు ఉన్న ఊరి కంపోస్టు గుంటను లెక్కగా తీసుకుని, దానిని ఊరివాళ్ళే ఎలా కట్టుకోవచ్చో ఇక్కడ వివరిస్తున్నాను. పత్తి చేలకు కొట్టే పురుగుమందుల డబ్బాలు, బ్యాటరీల ఆమ్లం, పాత ఇంజను నూనె, ఫ్యాక్టరీ వ్యర్థాలు ఈ గుంటలో వేయకూడదు. గాఢమైన రసాయన ద్రావకాలు తగిలితే బంకమట్టి కుంచించుకుపోయి పగుళ్ళిస్తుంది. అటువంటి వ్యర్థాలు పోగుపడి ఉంటే పంచాయతీ ద్వారా ఒడిశా రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలికి రాతపూర్వకంగా తెలియజేయాలి.

పార పట్టుకునే ముందు భూమిలోని నీరు ఎటు నడుస్తోందో తెలుసుకోవాలి. గుంట చుట్టుపక్కల మూడు బావులు చూసుకుని, మేస్త్రీలు పునాది మట్టం చూడటానికి వాడే పారదర్శకమైన నీటి గొట్టంతో మూడింటి ఒరల ఎత్తు తేడాలు కొలిచి, ఒక్కొక్క ఒర నుంచి నీటిమట్టం ఎంత లోతున ఉందో తాడు వేసి చూస్తే, ఏ బావిలో నీరు ఎక్కువ ఎత్తున ఉందో, దేనిలో తక్కువ ఎత్తున ఉందో తేలుతుంది. ఉదాహరణకు మొదటి బావిలో నీరు 10 మీటర్ల ఎత్తున, రెండో బావిలో 9.4 మీటర్ల ఎత్తున, మూడో బావిలో 9 మీటర్ల ఎత్తున ఉన్నదనుకోండి. మొదటి దానికీ మూడో దానికీ మధ్య 100 మీటర్ల దూరం ఉంటే, మొదటి బావి నుంచి 60 మీటర్ల దగ్గర 9.4 వస్తుంది. ఆ చోటునూ రెండో బావినీ కలుపుతూ కాగితం మీద ఒక గీత గీసి, దానికి అడ్డంగా, లంబకోణంలో, తక్కువ ఎత్తు వైపు బాణం వేస్తే అదే నీరు నడిచే దారి. తాగునీటి బావి ఆ బాణం ముందు ఉంటే గుంటను అక్కడ పెట్టనేకూడదు. ఈ కొలతను వైశాఖంలో కాక భాద్రపదంలో తీయాలి. ఎండాకాలంలో లోతుకు దిగిపోయిన నీటిని చూసి గుంట తవ్వితే, వానలకు పైకొచ్చిన నీరు అడుగును కిందినుంచి తడుపుతుంది. పట్టణాల చెత్త పూడ్చే స్థలాలకు 2016 నాటి ఘన వ్యర్థాల నిర్వహణ నియమాలు నది నుంచి 100 మీటర్లు, చెరువు నుంచి 200 మీటర్లు దూరం ఉండాలని, నీటిమట్టం అత్యధికంగా పెరిగినప్పుడు కూడా మట్టి పొర అడుగుకు 2 మీటర్లు కిందనే ఉండాలని చెప్పాయి. మన గుంట చిన్నదే అయినా ఆ దూరాలు పాటించడమే మంచిది.

అడుగు నుంచి ఎంత కారుతుందో లెక్కగట్టడం నేర్పినవాడు ఫ్రాన్సులోని దిజోన్ నగరానికి మంచినీరు తెచ్చిన సివిల్ ఇంజనీరు ఆన్రీ దార్సీ. ఇసుక గుండా నీటిని పంపి చేసిన ప్రయోగాలను ఆయన 1856లో ప్రచురించాడు. మట్టి నీటిని వదిలే గుణాన్ని, పైన నిలిచిన నీటి లోతూ పొర మందమూ కలిపిన మొత్తానికీ పొర మందానికీ ఉన్న నిష్పత్తిని, గుంట వైశాల్యాన్ని గుణిస్తే కారే నీరు తెలుస్తుంది. ఈనాటికీ ఇంజనీర్లు వాడే సూత్రం అదే. మంచి బంకమట్టి పొర సెకనుకు ఒక సెంటీమీటరులో కోటో వంతుకు మించి నీటిని వదలకూడదని పైన చెప్పిన నియమాలు నిర్ణయించాయి. అటువంటి మట్టిని 45 సెంటీమీటర్ల మందాన మన గుంటలో పరిచి, పైన 30 సెంటీమీటర్ల నల్లనీరు నిలిచిందనుకుంటే, రోజుకు సుమారు 14 లీటర్లు దిగుతాయి. ఇసుకపాలు ఎక్కువున్న ఎర్రమట్టి అంతకు వెయ్యి రెట్లు వదిలేదైతే అదే మందం నుంచి రోజుకు 14,000 లీటర్లు దిగగలవు. పైన నిలిచే నీటిని 5 సెంటీమీటర్లకు తగ్గిస్తే మంచి పొర నుంచి కారేది రోజుకు 10 లీటర్ల లోపే. అందుకే అడుగును ఒక మూలకు వాలుగా చేసి, అక్కడ ఒక చిన్న తొట్టి కట్టి, చేరిన నల్లనీటిని తోడి తిరిగి కంపోస్టు మీదే చల్లుతూ ఉండాలి.

ఇప్పుడు మట్టి సంగతి. మన కొండవాలు ఎర్రనేలలు చాలావరకు నీటిని నిలపవు. చెరువు అడుగున పేరుకున్న జిగట ఒండ్రు, కుమ్మరులు వాడే బంకమట్టి, పల్లపు పొలాల్లోని నల్లరేగడి పనికొస్తాయి. పారదర్శకమైన సీసాలో మూడో వంతు మట్టి, మిగతా నీరు పోసి గట్టిగా కలిపి ఉంచితే నిమిషంలోపే ఇసుక, కొన్ని గంటల్లో ఒండ్రు దిగుతాయి. బంక మాత్రం మరునాటికి గానీ అడుగుకు దిగదు. తడిపిన మట్టిని బొటనవేలితో చూపుడువేలి మీద రిబ్బనులా నొక్కినప్పుడు అది తెగకుండా 5 సెంటీమీటర్లకు మించి సాగితే మట్టి మంచిది. అటువంటి మట్టి దొరకని ఊళ్ళలో బెంటొనైటు పొడి కలపాలి. బోరు వేసేవాళ్ళ దగ్గర, ఎర్తింగ్ గుంటల సామాను అమ్మే దుకాణాల్లో అది బస్తాల్లో దొరుకుతుంది. మన దేశంలో కచ్, బాడ్‌మేర్ ప్రాంతాల నుంచి వచ్చే ఈ మట్టి నీరు తగిలితే ఎన్నో రెట్లు ఉబ్బి, రేణువుల మధ్య సందులను మూస్తుంది. బరువులో నూటికి 5 నుంచి 10 పాళ్ళు కలిపితే చాలు. అయితే దానిని ముందు మంచినీటితో ఉబ్బనివ్వాలి. ఉప్పునీరు, సున్నపునీరు మొదట తగిలితే అది సరిగా ఉబ్బదు.

మన ప్రాంతపు రైతుకు ఈ పనిలో ఇంజనీరు కన్నా ఎక్కువ అనుభవం ఉందని నా అభిప్రాయం. వరిమడిని దమ్ము చేసినప్పుడు మట్టిగడ్డలు చితికి, సందులు మూసుకుపోయి, మడిలో నీరు నిలుస్తుంది. లాస్ ఏంజెలెస్ నగర నీటి విభాగంలో ఆనకట్టల పని చూసిన రాల్ఫ్ ప్రోక్టర్ 1933లో మట్టి ఎంత తడిగా ఉన్నప్పుడు దిమ్మిస దెబ్బకు అత్యంత బిగువుగా కూర్చుంటుందో కొలిచే పరీక్షను రూపొందించాడు. తరువాతి పరిశోధకులు గమనించిన విషయం ఇంకా విలువైనది: ఆ తడి కన్నా కొంచెం ఎక్కువ తడిగా ఉన్నప్పుడు తొక్కి పిసికిన మట్టి, పొడిగా కొట్టిన మట్టి కన్నా పదుల రెట్లు, ఒక్కోసారి వందల రెట్లు తక్కువ నీటిని వదులుతుంది. పొడిగా కొడితే గడ్డలు గడ్డలుగానే మిగిలి, వాటి నడుమ నీటికి దారి ఉండిపోతుంది. పైకి చూస్తే మాత్రం రెండూ ఒకేలా గట్టిగా కనిపిస్తాయి.

ఈ తేడాను నేను నష్టపోయి నేర్చుకున్నాను. ఉద్యోగంలో చేరిన తొలి సంవత్సరాల్లో ఒక గుంట మూలలను ఎండకు ఆరిన మట్టితోనే కొట్టనిచ్చాను. మొదటి వానాకాలం గడవకముందే మూల దగ్గర ఊట బయటపడింది, ఆ వైపు ఇంటివాళ్ళు బావినీరు వాడటం మానుకోవలసి వచ్చింది. ఆ ఇంటి పెద్దమ్మ రెండు వీధులు దాటి బిందెతో నీళ్ళు మోసుకురావడం చూసినప్పటి బాధ నాకు ఇప్పటికీ తగ్గలేదు. అప్పటినుంచి మూలలను నేనే దగ్గరుండి తొక్కిస్తున్నాను.

మరి తడి ఎంత ఉండాలి? వరిమడి దమ్ము దోసెల పిండిలా ఉంటుంది. అంత నీరు గుంటకు పనికిరాదు, ఎందుకంటే ఆరినప్పుడు బీటలు వారుతుంది. ఇక్కడ చపాతీ పిండిలా ఉండాలి. చిటికెడు మట్టిని అరచేతిలో దారంలా దొర్లిస్తే 3 మిల్లీమీటర్ల సన్నదనానికి వచ్చేవరకు చిట్లకూడదు, చేతికి మరీ అంటుకోకూడదు. గడ్డలను 2.5 సెంటీమీటర్ల కన్నా చిన్నవిగా పగలగొట్టి, నీళ్ళు చల్లి, గోనెపట్టాలు కప్పి ఒక రాత్రి నాననివ్వాలి. మర్నాడు 20 సెంటీమీటర్ల మందాన పరిచి, ఎడ్లతోనో, దమ్ముకు వాడే ఇనుప చక్రాల ట్రాక్టరుతోనో, మూలల్లో మనుషుల కాళ్ళతోనూ దిమ్మిసతోనూ తొక్కిస్తే 15 సెంటీమీటర్లకు దిగుతుంది. రెండో పొర వేసే ముందు మొదటి పొర పైభాగాన్ని గునపంతో గీతలు పడేలా గీకి తడపాలి, లేకపోతే రెండు పొరల మధ్య అతుకు నీటికి తోవ అవుతుంది. ఇలా మూడు పొరలు వేస్తే 45 సెంటీమీటర్లు వస్తుంది. గుంట పక్కలను మీటరు లోతుకు మూడు మీటర్ల వాలున తీయాలి. నిట్టనిలువు గోడకు మట్టి పట్టదు. ఈ పనికి పుష్య, మాఘ మాసాలు అనువైనవి. పని పూర్తయిన రోజే కింద చెప్పిన నీటి పరీక్ష మొదలుపెట్టి, అది ముగిసిన వెంటనే 30 సెంటీమీటర్ల మామూలు మట్టి కప్పాలి, ఎండకు ఒక్క పూట వదిలినా రేగడి నోరు తెరుస్తుంది.

కప్పే ముందు పరీక్ష మాత్రం తప్పనిసరి. గుంటలో 30 సెంటీమీటర్ల నీరు నింపి, అదే నీటిలో ఒక బకెట్టును అంతే మట్టానికి నింపి బరువు పెట్టి నిలబెట్టండి. పది రోజుల తరువాత బకెట్టులో తగ్గినది ఆవిరి. గుంటలో అంతకన్నా ఎక్కువ తగ్గినది కారినది. తేడా 3 మిల్లీమీటర్ల లోపు ఉంటే పొర బాగుంది. 10 మిల్లీమీటర్లు దాటితే ఎక్కడో పొడి గడ్డలు మిగిలాయని అర్థం. నీరు తోడేసి పై పొరను మళ్ళీ పిసకాలి. ఈ పది రోజులూ పొర నీటి కిందే ఉంటుంది కనుక ఎండకు బీటలు వారదు. నీరు తోడిన వెంటనే కప్పేయాలి.

సేద్యపు కుంటలకు వాడే 500 మైక్రాన్ల ప్లాస్టిక్ పట్టాను మట్టికి బదులుగా వేయవచ్చా అని చాలామంది అడుగుతారు. ఒక్క పట్టాను నమ్ముకోవద్దు. పట్టాకు గునపం దెబ్బతో ఒక రంధ్రం పడితే కింద ఇసుక నేల ఉన్నప్పుడు అక్కడినుంచి ధారగా కారుతుంది. అదే పట్టా కింద మడత లేకుండా బంకమట్టి ఆనుకుని ఉంటే ఆ రంధ్రం దాదాపు మూసుకున్నట్టే. 2016 నియమాలు చెత్త పూడ్చే స్థలాలకు 1.5 మిల్లీమీటర్ల పట్టా, దాని కింద 90 సెంటీమీటర్ల మట్టి రెండూ కలిపి కోరడానికి కారణం ఇదే.

అడుగు కన్నా ముందు కప్పు వేయాలని కూడా నేను పట్టుబడతాను. మన వైపు ఏడాదికి 1,000 మిల్లీమీటర్లకు పైగా వాన కురుస్తుంది. చదరపు మీటరుకు మిల్లీమీటరు వాన ఒక లీటరు కనుక మన గుంట మీద లక్ష లీటర్లకు పైగా పడుతుంది. అమెరికాలోని నయాగరా ఫాల్స్ నగరంలో లవ్ కెనాల్ అనే చోట 1978లో జరిగినది ఇదే పాఠం చెబుతుంది: రసాయనాలు పూడ్చిన బంకమట్టి కాలువ పై కప్పు తరువాతి నిర్మాణాల్లో దెబ్బతినగా, వాన నీరు లోపల గిన్నెలో చేరినట్టు చేరి పైకి పొంగి ఇళ్ళ నేలమాళిగల్లోకి వచ్చింది. చేతిలో డబ్బు ఒక్క పనికే సరిపోతే రేకుల కప్పు వేసి, ఎగువ వైపు వాన నీటిని మళ్ళించే కాలువ తవ్వండి. అడుగు వచ్చే ఏడాది కట్టుకోవచ్చు.

పాత కుప్పను కదిలించలేని చోట కందకం మార్గం ఉంది. ఆస్ట్రియా ఇంజనీరు క్రిస్టియన్ వేడర్ 1950 ప్రాంతంలో ఇటలీలో అభివృద్ధి చేసిన పద్ధతిలో, తవ్వుతున్న కందకాన్ని బెంటొనైటు కలిపిన చిక్కని నీటితో నింపి ఉంచుతారు. ఆ ద్రవపు ఒత్తిడికి పక్కలు కూలవు, తరువాత దానిలోనే గోడ పోస్తారు. మన స్థాయిలో యంత్రం లేకుండా, 60 సెంటీమీటర్ల వెడల్పున, కిందనున్న గట్టి పొరలోకి కొంత దిగేదాకా తవ్వి, పిసికిన బంకమట్టితో నింపితే చాలు. చెరువు గట్టు కడుపులో పెట్టే బంకమట్టి గోడ లాంటిదే ఇది. 1.5 మీటర్లు దాటిన కందకంలోకి పక్కలకు చెక్కల ఆసరా లేకుండా మనిషిని దించవద్దు. గోడను ఎగువ వైపు కట్టి శుభ్రమైన నీటిని కుప్ప నుంచి తప్పించడం ఉత్తమం. దిగువన ఒక్కటే కడితే నీరు దాని వెనుక పెరిగి చివరల చుట్టూ తిరిగి వెళుతుంది. అలా కట్టక తప్పనప్పుడు గోడ లోపలి వైపు గులకరాళ్ళ కాలువ పెట్టి తొట్టిలోకి దింపాలి.

కట్టిన తరువాత ఏటా రెండుసార్లు, జ్యేష్ఠంలో వానలకు ముందు ఒకసారి, ఆశ్వయుజంలో ఒకసారి, దిగువ బావి నీటిని ప్రయోగశాలలో పరీక్షించాలి. తాగునీటిలో నైట్రేటు లీటరుకు 45 మిల్లీగ్రాములు దాటకూడదన్నది మన దేశ ప్రమాణం. పసిపిల్లల ఇళ్ళలో ఆ అంకె దాటితే ఆ నీటిని కాచి వాడటం వల్ల ఉపయోగం లేదు, నైట్రేటు మరింత చిక్కబడుతుంది. వెంటనే వేరే బావి నీరు వాడాలి. ప్రతి పరీక్ష ఫలితాన్నీ తేదీతో సహా బావి ఒర మీద రంగుతో రాయించి, కొత్త అంకె పాతదానికన్నా పెరిగితే ముందు కప్పును, తరువాత తొట్టి మూలను, ఆ తరువాతే అడుగును చూడండి.