ఉత్తరాంధ్రలో ఉంటూ సినిమాకు, సీరియల్‌కు, గేమ్‌కు సంగీతం చేసి ఇవ్వడం ఎలా

రీ-రికార్డింగ్ (నేపథ్య సంగీతం) పని ఇచ్చే దర్శకుడు మన దగ్గర మూడు విషయాలు చూస్తాడు. సీను మూడ్ పట్టుకున్నామా, చెప్పిన రోజుకు ఇచ్చామా, మిక్సింగ్ ఇంజనీరు తెరవగానే మన ఫైళ్లు బొమ్మ మీద సరిగ్గా కూర్చున్నాయా. కొత్తవాళ్లందరూ మొదటిదాని మీదే సాధన చేస్తారు. చేతికొచ్చిన పని మాత్రం ఎక్కువగా మూడోదాని వల్ల పోతుంది. అందుకే ఇక్కడ రాగాల గురించి తక్కువ, లెక్కల గురించి ఎక్కువ చెబుతాం. స్వరజ్ఞానం లేనివాళ్లు ముందు అది నేర్చుకోవాలి. విజయనగరంలో 1919లో ఆదిభట్ల నారాయణదాసు ప్రిన్సిపాల్‌గా మొదలైన మహారాజా సంగీత కళాశాల ఉండనే ఉంది. ఘంటసాల చదివింది అక్కడే.

గది, కరెంటు

కంప్యూటరులో 16 జీబీ ర్యామ్ కనీసం ఉండాలి, 32 ఉంటే మేలు. సౌండ్ లైబ్రరీలు (వాయిద్యాల శబ్దాల భండారాలు) ఎస్‌ఎస్‌డీలో పెట్టాలి. రెండు ఇన్‌పుట్ల ఆడియో ఇంటర్‌ఫేస్, 49 లేదా 61 కీల మిడి కీబోర్డు, చెవి మొత్తం మూసే మంచి హెడ్‌ఫోన్ ఉంటే పని మొదలుపెట్టొచ్చు. సాఫ్ట్‌వేర్ రీపర్ అయినా, క్యూబేస్ అయినా, లాజిక్ అయినా ఒకటే. వీడియో నడవాలి, టైం కోడ్ (ప్రతి ఫ్రేము సమయం చూపే అంకెలు) కనిపించాలి, పాట మధ్యలో టెంపో (వేగం) మార్చుకునే వీలుండాలి. రీపర్‌ని 60 రోజులు పూర్తిగా వాడి చూశాకే కొనుక్కోవచ్చు.

మన ఇళ్లలో అసలు తలనొప్పి ఎర్తింగ్. హెడ్‌ఫోన్‌లో సన్నగా ‘గుయ్’మని ఆగకుండా వినిపిస్తే అది 50 హెర్ట్జ్ హమ్. ల్యాప్‌టాప్ ఛార్జర్ పీకి బ్యాటరీ మీద వినండి. హమ్ పోతే తప్పు ఎర్త్ దగ్గరే ఉన్నట్టు. సామాన్లన్నీ ఒకే సాకెట్ నుంచి ఒకే స్పైక్ బస్టర్ మీద పెట్టండి. అప్పటికీ పోకపోతే ఎలక్ట్రీషియన్‌ని పిలిచి ఎర్త్ గుంత చూపించండి. హమ్ పోతుందని ఎవరైనా చెప్పినా ఎర్త్ పిన్ను తీసేయకండి, షాక్ కొడితే ప్రాణం మీదికొస్తుంది.

డెస్క్‌టాప్ వాడేవాళ్లకు ఫైళ్లు సేవ్ చేసి ఆపేంత సమయం ఇచ్చే యూపీఎస్ తప్పనిసరి. ఆటో సేవ్ ఐదు నిమిషాలకు పెట్టుకోండి. తుపాన్ల రోజుల్లో ఇది కూడా చాలదు. 2018 అక్టోబరులో తిత్లీ పలాస దగ్గర తీరం దాటినప్పుడు ఉద్దానం ఊళ్లలో రోజుల తరబడి కరెంటు లేదు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా గడువున్న పనైతే ప్రాజెక్టు కాపీ ఒకటి బయటి హార్డ్‌డిస్క్‌లో, ఇంకొకటి క్లౌడ్‌లో ఉంచి తీరాలి.

గోడలకు గుడ్ల ట్రేలు అంటించడం దండగ. మందపాటి బొంతల్ని గోడకు నాలుగంగుళాలు ఎడంగా వేలాడదీస్తే అంతకంటే చాలా నయం. బేస్ మోత మాత్రం బొంతలకు లొంగదు, దాన్ని హెడ్‌ఫోన్‌లో సరిచూసుకోవాలి.

ఎడిటర్ దగ్గర అడగాల్సినవి

మొదటి ప్రశ్న: ఎడిట్ లాక్ అయిందా, అంటే ఇక కోతలు మారవా? కాకపోతే థీమ్ కట్టుకోండి, మూడ్ వెతకండి, బొమ్మకు కొలిచి మాత్రం కట్టకండి. లాక్ అయ్యాక టైం కోడ్ బొమ్మ మీదే కనిపించే వీడియో అడగాలి. మాటలు ఒక ట్రాక్‌లో, ఎడిటర్ తాత్కాలికంగా వేసుకున్న మ్యూజిక్ ఇంకో ట్రాక్‌లో విడిగా ఉండాలి. ఫ్రేమ్ రేటు రాతపూర్వకంగా తీసుకోవాలి. సినిమాకు సాధారణంగా 24, టీవీకి 25. కొందరు 23.976లో ఎడిట్ చేసి నోటితో ‘24’ అనేస్తారు. తేడా వెయ్యిలో ఒక వంతే గానీ, పది నిమిషాల రీలు చివరికి 0.6 సెకను, అంటే 14 ఫ్రేములు జరిగిపోతుంది. మొదట్లో సరిగ్గా ఉండి పోనుపోను మ్యూజిక్ పక్కకు పోతుంటే ముందు అనుమానించాల్సింది దీన్నే.

తర్వాత దర్శకుడితో కూర్చుని సినిమా అంతా ఆపుతూ ఆపుతూ చూడాలి. మ్యూజిక్ వచ్చే ఒక్కో ముక్కను బిట్ అంటాం. ప్రతి బిట్‌కూ మొదలయ్యే టైం కోడ్, ఆగే టైం కోడ్, అక్కడ మ్యూజిక్ ఎందుకు కావాలో ఒక్క వాక్యం రాసుకోండి. ఆ వాక్యం రాయలేకపోతే అక్కడ మ్యూజిక్ అక్కర్లేదేమో దర్శకుణ్ణి అడగండి. బిట్‌కు పేరు రీలు నంబరుతో పెడితే (1ఎం1, 1ఎం2, 2ఎం1) మిక్సింగ్‌లో వెతుక్కోనక్కర్లేదు.

ఎడిటర్ వేసిన తాత్కాలిక మ్యూజిక్ మీద దర్శకుడికి మోజు పడటం సహజం. ‘ఇలాగే కావాలి’ అంటే అందులో ఏం నచ్చిందో అడిగి తెలుసుకోండి: వేగమా, వాయిద్యమా, మధ్యలో వదిలిన ఖాళీనా? అది తీసుకోండి. ట్యూన్ మాత్రం తీసుకోకండి, కాపీరైట్ కేసు పడేది మీ మీదే.

టెంపో లెక్క, ఒక సీను మీద

సీను రెండు నిమిషాల పది సెకన్లు అనుకుందాం. పలాసలో జీడిపిక్కలు వలిచే తల్లికి చెన్నైలో పనికెళ్లిన కొడుకు ఫోన్ చేస్తాడు. 18వ సెకను దగ్గర ఆమె చేతిలో పని ఆపుతుంది. 49.5 దగ్గర ఫోన్ పక్కన పెడుతుంది. మనం పట్టుకోవాల్సినవి ఈ రెండే. మధ్యలో ఇంకో నాలుగు కదలికలున్నా వదిలేయాలి. ప్రతి కదలికకూ మ్యూజిక్ తగిలిస్తే ఏడవాల్సిన సీనుకు జనం నవ్వుతారు.

80 బీపీఎంలో (నిమిషానికి 80 బీట్లు) ఒక బీటు 0.75 సెకను, అంటే 24 ఫ్రేముల సినిమాలో 18 ఫ్రేములు. నాలుగు బీట్ల బారు మూడు సెకన్లు. 18 సెకన్లకు ఆరు బార్లు పూర్తవుతాయి, ఏడో బారు మొదటి బీటు సరిగ్గా ఆమె చేయి ఆగిన చోట పడుతుంది. అక్కడి నుంచి రెండో గుర్తుకు 31.5 సెకన్లు ఉన్నాయి. అంటే పదిన్నర బార్లు. ఆ సగం బారే చిక్కు.

రెండు దారులున్నాయి. ట్యూన్‌లో ఒక వాక్యం ముగిసే చోట రెండు బీట్ల బారు ఒకటి చొప్పించడం మొదటిది. ఆ వాక్యానికి ఊపిరి తీసుకున్నట్టు ఉంటే ఎవరికీ తెలియదు, తాళం బలంగా నడుస్తుంటే మాత్రం కాలు తడబడినట్టు వినిపిస్తుంది. రెండోది టెంపో మార్చడం. కావాల్సిన బీట్లను 60తో గుణించి సెకన్లతో భాగిస్తే బీపీఎం వస్తుంది. పది బార్లంటే 40 బీట్లు. 40 × 60 ÷ 31.5 = 76.19. ఈ సీనుకు ఇదే మంచిది. ఆమె పని ఆపిన చోటే వేగం 80 నుంచి 76కు దిగుతుంది, కథ కూడా అక్కడే నెమ్మదిస్తుంది.

కొట్టే స్వరం కట్ మీద కచ్చితంగా పడితే ఒక్కోసారి మొరటుగా ఉంటుంది. రెండు మూడు ఫ్రేములు ఆలస్యంగా జరిపి చూడండి.

మాటల కింద జాగ్రత్త పడాలి. మాట అర్థమయ్యేది ఎక్కువగా 1 నుంచి 4 కిలోహెర్ట్జ్ మధ్య. సన్నాయి, వయొలిన్ పై స్థాయి, వేణువు అక్కడే కూర్చుంటాయి. మన యాసలో ‘ఏటయ్యిందమ్మా’ లాంటి మాట చివర సాగుతుంది, ఆ సాగులోనే భావమంతా ఉంటుంది. దాని మీద ట్యూన్ పడితే రెండూ చెడతాయి. మాట నడుస్తున్నంతసేపు వీణ మంద్ర తీగ లేదా సెల్లో ఒక్క స్వరం పట్టి ఉంచండి. మాట ఆగాక ట్యూన్ రానివ్వండి.

తప్పెటగుళ్ళు, వీణ రికార్డు చేసేటప్పుడు

లైబ్రరీల్లో దొరికే ‘ఇండియన్ డ్రమ్స్’ అందరి దగ్గరా ఉంటాయి. తప్పెటగుళ్ళు, జముకుల కథలో వాయించే జముకు మన చుట్టూ ఉన్నాయి, వేరేచోట అంత సులువుగా దొరకవు. మనకున్న అసలు బలం ఇదేనని మా నమ్మకం.

తప్పెటగుళ్ళు ఆడేవాళ్లు ఛాతీకి కట్టుకున్న రేకు తప్పెట వాయిస్తూ, గజ్జెలతో ఎగురుతూ పాడతారు. మూడు శబ్దాలు ఒకేసారి వస్తాయి. రేకు దెబ్బ చాలా పదునుగా ఉంటుంది, ఫోన్‌లో రికార్డు చేస్తే పగిలిపోతుంది. చేతి రికార్డరు చాలు, 48 కిలోహెర్ట్జ్, 24 బిట్‌లో పెట్టండి. రెండు మీటర్ల దూరంలో, తల ఎత్తుకు పైన, కిందికి వంచి నిలపండి. అతి గట్టి దెబ్బ కూడా మైనస్ 12 డెసిబెల్స్ దాటకుండా లెవెల్ కట్టుకోవాలి. ఆట వేడెక్కాక దెబ్బ ఇంకా పెరుగుతుంది, ఆ ఖాళీ అందుకే.

సిమెంటు గదిలో వద్దు, నాలుగు గోడల మధ్య రేకు చప్పుడు గణగణమంటుంది. రేకుల షెడ్డు ఇంకా ఘోరం. జీడి తోటలోనో మామిడి తోటలోనో, పొద్దున్నే, సముద్రపు గాలి లేవకముందు చేయాలి. మైకుకు బొచ్చు తొడుగు వేయాలి. గుడి మైకు ఎప్పుడు మొదలవుతుందో ఊళ్లో ముందే అడిగి తెలుసుకోండి.

ముందు బృందం మొత్తాన్ని మూడుసార్లు ఆడనివ్వండి. తర్వాత ఒక్క తప్పెట: మెల్లగా, మధ్యగా, గట్టిగా, ఒక్కోటి ఐదేసి దెబ్బలు. తర్వాత గజ్జెలు విడిగా, కేకలు విడిగా, చివర ఒక నిమిషం తోట నిశ్శబ్దం. చెవిలో క్లిక్ (వేగం చెప్పే టకటక చప్పుడు) పెట్టి ఆడమనకండి. ఈ ఆట వేగం పుంజుకుంటూ పోతుంది. క్లిక్ పెడితే ఒళ్లు బిగుసుకుని ఆ ఊపు చచ్చిపోతుంది. వాళ్లు ఆడినట్టే తీసుకుని, ఇంటికొచ్చాక సాఫ్ట్‌వేర్‌లో టెంపోను వాళ్ల దెబ్బలకు సర్దుకోండి. డబ్బులు అదే రోజు చేతిలో పెట్టాలి. శబ్దం దేనికి వాడతారో చెప్పి సంతకం తీసుకోవాలి, టైటిల్స్‌లో బృందం పేరు వేయించాలి.

బొబ్బిలి వీణకైతే మైకు అడుగున్నర దూరంలో కుండ వైపు చూడాలి. మెట్ల వైపు తిప్పితే వేళ్ల గీకుడే వినిపిస్తుంది. మెట్లు మైనంలో నిలిపి ఉంటాయి కాబట్టి ఎండాకాలంలో వీణను కారులో ఉంచి తీసుకురావద్దు, మైనం మెత్తబడి మెట్లు కదులుతాయి. శ్రుతి ముందే అడగండి. నాలుగు కట్టైలంటే ఎఫ్, ఐదంటే జీ. ట్రాకును కళాకారుడి శ్రుతికి మార్చుకోవాలి, ఆయన్ని మీ ట్రాకుకు మారమనడం సరికాదు.

ఫైళ్లు ఇవ్వడం

అన్నీ 48 కిలోహెర్ట్జ్, 24 బిట్ వేవ్ ఫైళ్లు. 44.1లో చేసిన ఫైలు మార్చకుండా 48 టైంలైన్‌లో నడిస్తే దాదాపు తొమ్మిది శాతం వేగం పెరిగి శ్రుతి ఒకటిన్నర స్వరస్థానం పైకెళ్తుంది. పాడిన మనిషి గొంతు పిల్లాడి గొంతులా వినిపిస్తే కారణం ఇదే.

ప్రతి బిట్‌కూ పూర్తి మిక్స్‌తో పాటు స్టెమ్స్ (గుంపుల వారీగా విడి ఫైళ్లు) ఇవ్వాలి: రిథమ్, బేస్, స్ట్రింగ్స్, ప్యాడ్లు (వెనక పరుచుకుని సాగే స్వరాలు), సోలో వాయిద్యాలు, గొంతులు. అన్నీ ఒకే చోట మొదలై ఒకే చోట ఆగాలి. ఇచ్చేముందు కొత్త ప్రాజెక్టు తెరిచి స్టెమ్స్ అన్నీ పేర్చి వినండి, పూర్తి మిక్స్‌లా వినిపించాలి. మాస్టర్ ట్రాక్ మీద లిమిటర్ (శబ్దాన్ని హద్దు దాటనివ్వని పరికరం) వదిలేసి ఎగుమతి చేస్తే అలా వినిపించదు. అతి గట్టి శబ్దం (పీక్) మైనస్ 6 డెసిబెల్స్ దగ్గర ఉంచండి, గట్టిగా చేయడం మిక్సింగ్ ఇంజనీరు పని. ఫైలు పేరులో బిట్ నంబరు, వెర్షన్, మొదలయ్యే టైం కోడ్ ఉండాలి. ‘ఫైనల్’, ‘ఫైనల్ కొత్తది’ అనే పేర్లు మానేయండి.

సీరియల్, గేమ్

సీరియల్‌కు ప్రతి ఎపిసోడ్‌కూ కొత్తగా కట్టే వ్యవధి ఉండదు. టైటిల్ ట్యూన్, దాని నుంచి పుట్టిన బిట్ల బ్యాంకు అడుగుతారు. సెంటిమెంట్, టెన్షన్, విలన్, కామెడీ, ప్రేమ: ఒక్కోదానికి 15, 30, 60 సెకన్ల నిడివిలో, పైగా రెండు మూడు సెకన్ల చిన్న దెబ్బలు ఓ పాతిక. ప్రతి బిట్‌ను ఎడిటర్ ఎక్కడైనా కోసేలా నాలుగు బార్లకోసారి ముగింపు ఉండాలి.

గేమ్‌లో బొమ్మ నిడివి ఉండదు, ఆడేవాడు ఎంతసేపైనా ఒకే చోట తిరుగుతాడు. అందుకే లూప్. 96 బీపీఎంలో 16 బార్లంటే సరిగ్గా 40 సెకన్లు, 48 కిలోహెర్ట్జ్‌లో 19,20,000 శాంపిళ్లు. ఇలా పూర్ణసంఖ్య వచ్చే టెంపో ఎంచుకుంటే అతుకు దగ్గర చిక్కు ఉండదు. లూప్‌ను ఎంపీ3గా ఇవ్వకండి. ఆ ఫార్మాట్ మొదట్లో, చివర్లో కాస్త నిశ్శబ్దం చేరుస్తుంది, ప్రతి చుట్టులో ‘టక్’మని ఆగినట్టుంటుంది. వేవ్ లేదా ఓగ్ ఇవ్వాలి. రివర్బ్ తోక (స్వరం ఆగాక మిగిలే ప్రతిధ్వని) తెగకుండా ట్యూన్‌ను వరసగా రెండుసార్లు నడిపి, రెండోసారిది మాత్రమే కోసి తీసుకోండి.

తర్వాతి మెట్టు పొరలు. నడకకు ప్యాడ్, శత్రువు కనిపిస్తే దాని మీద రిథమ్, పోరుకు ఇత్తడి వాయిద్యాలు, మూడూ ఒకే నిడివిలో ఒకేసారి నడుస్తుంటే గేమ్ వాటి శబ్దాన్ని పెంచుతూ తగ్గిస్తుంది. ఎఫ్‌మాడ్, వైజ్ అనే సాఫ్ట్‌వేర్లు దీనికే ఉన్నాయి, చిన్న ప్రాజెక్టులకు ఉచిత లైసెన్సు ఇస్తాయి. సాధనకు గ్లోబల్ గేమ్ జామ్ మంచిది, 48 గంటల్లో ఒక గేమ్ పూర్తవుతుంది. సినిమా సాధనకు బ్లెండర్ ఫౌండేషన్ క్రియేటివ్ కామన్స్‌లో వదిలిన చిన్న సినిమాలు తీసుకుని మీ మ్యూజిక్ వేయండి, వాళ్ల పేరు ఉటంకించండి. షోరీల్ (మీ పని చూపించే నమూనా వీడియో) రెండు నిమిషాలు దాటొద్దు, బలమైన బిట్ మొదటి పది సెకన్లలో రావాలి.

డబ్బు, కాగితం

నిమిషానికి ఇంత అని ధర చెప్పండి. గాయకులు, వాద్యకారుల ఖర్చు అందులో ఉందో లేదో రాయండి. సగం అడ్వాన్సు, పావు వంతు మొదటి వెర్షన్ విన్నాక, మిగిలింది స్టెమ్స్ ఇచ్చేముందు. స్టెమ్స్ వెళ్లాక అడిగితే బాకీ వసూలు కష్టం. రెండు మార్పులు ధరలోనే, మూడో మార్పు నుంచి విడిగా. ఎడిట్ మారినందువల్ల వచ్చే పని ఈ రెండు మార్పుల కిందికి రాదని ప్రత్యేకంగా రాయాలి.

2012లో కాపీరైట్ చట్టానికి చేసిన సవరణ ప్రకారం, సినిమా పాట థియేటర్లో సినిమాతో కాక వేరే విధంగా వాడినప్పుడు వచ్చే రాయల్టీలో సంగీతకర్తకు, గీత రచయితకు హక్కులు తీసుకున్నవారితో సమానంగా వాటా పొందే హక్కు ఉంది. దాన్ని వదులుకుంటున్నట్టు సంతకం చేయించుకున్నా చెల్లదు. హక్కుల బదిలీ కాగితంలో గడువు రాయకపోతే ఐదేళ్లుగా, ప్రాంతం రాయకపోతే భారతదేశంగా చట్టం లెక్కిస్తుంది. రాయల్టీ రావాలంటే స్వరకర్తల, గీత రచయితల హక్కుల సంఘం ఐపీఆర్‌ఎస్‌లో సభ్యత్వం తీసుకుని ప్రతి పనీ నమోదు చేయాలి. దాంతో పాటు క్యూ షీట్ కావాలి: బిట్ పేరు, నిడివి, పాటా నేపథ్యమా, స్వరకర్త ఎవరు, ఎవరి వాటా ఎంత. ఇది నిర్మాత తయారు చేస్తాడని ఎదురుచూడకండి. స్టెమ్స్ పంపిన రోజే మీరే రాసి మెయిల్ చేయండి, విడుదలయ్యాక సినిమాలో ఉన్న బిట్లతో మళ్లీ ఒకసారి సరిపోల్చి, తీసేసిన బిట్లను కొట్టేసి పంపండి.