బడి లైబ్రరీ నడపాలంటే: 17వ పేజీ గుట్టు

తాళంచెవి నా చేతికొచ్చినప్పుడు లైబ్రరీ అంటే మూడు బీరువాలు, మూడు తాళాలు. తీస్తే పుస్తకాలు పోతాయట! ఆ తాళాలు తీసేయండి. కొన్ని పోతాయి, పోనివ్వండి.

ముందు యాక్సెషన్ రిజిస్టరు, అంటే లైబ్రరీకి వచ్చిన ప్రతి పుస్తకాన్నీ నంబరుతో ఎక్కించే పుస్తకం, రాయండి. ఒక్కో పుస్తకానికి ఒక్క నంబరు. అది పోయినా ఆ నంబరు ఇంకోదానికి ఇవ్వొద్దు. టైటిల్ పేజీ వెనకాల ఒకసారి, లోపల ఒక రహస్య పేజీలో ఇంకోసారి వేయండి. నాది 17. అట్ట ఊడి, మొదటి పేజీలు చిరిగి వచ్చినా 17 తిప్పితే అది మనదో కాదో తేలిపోతుంది.

పుస్తకాలకు విషయాన్ని బట్టి నంబరిచ్చే డ్యూయీ పద్ధతిలో తెలుగు సాహిత్యం 894.827. ఐదో తరగతి పిల్లాడికి అది చెప్పి ఏం లాభం? ఆ నంబరు రిజిస్టర్లో ఉంచి, పుస్తకం వెన్నుమీద రంగు కాగితం అంటించా. కథలకు పసుపు, సైన్సుకు ఆకుపచ్చ, ఉర్దూకి నీలం. ఇప్పుడు పిల్లలే సర్దేస్తున్నారు.

ఆదివారం హైదరాబాద్ ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు బేరమాడి తేవచ్చు. బిల్లు మాత్రం అడక్కండి, దొరకదు. అందుకే అక్కడ నా డబ్బులు. బడి డబ్బులు బిల్లిచ్చే దుకాణాల్లో, బుక్ ఫెయిర్‌లో.

బీరువాని గోడకి జానెడు దూరం జరపండి. ఒక వానాకాలం కింది అర మొత్తం బూజు పట్టాక నాకు తెలిసొచ్చింది.

ఇక టీచర్లు. తీసుకెళ్లినవి తిరిగి ఇవ్వనిది వాళ్లే! ఫైను వేయలేం. చాయ్ టైముకి ఆ పుస్తకం కావాలన్న పిల్లనే స్టాఫ్‌రూమ్‌కి పంపిస్తా. మర్నాడు పొద్దున నా టేబుల్ మీద ఉంటుంది.