హదీసు చదివి చరిత్ర తెలుసుకోవడం – 4వ పాఠం: జైద్ చేసిన రెండు పనులు

పోయిన పాఠం చివర బుఖారీ హదీసు సంపుటిలోని ఉల్లేఖనాలు (ప్రవక్త, ఆయన సహచరుల గురించి చెప్పుకుంటూ వచ్చిన కథనాలు) ఇచ్చి, ఖురాన్ పుస్తకరూపంలోకి ఎలా వచ్చిందో మీ మాటల్లో రాయమన్నాను. వచ్చిన జవాబుల్లో చాలావాటి సారం ఒకటే: ‘మొదటి ఖలీఫా (ప్రవక్త తర్వాతి పాలకుడు) అబూబకర్ పోగుచేయించిన ప్రతిని మూడో ఖలీఫా ఉస్మాన్ తగలబెట్టించి కొత్తది రాయించారు.’ ఇది తప్పు. ఈసారి ఉల్లేఖనం ఎంత నమ్మదగిందో చెప్పే సహీహ్, హసన్, జయీఫ్ అనే స్థాయిల గురించి చెప్పాల్సింది, కానీ ఈ ముడి విప్పకుండా అక్కడికి పోతే ఇంకో పది ముళ్లు పడతాయి. స్థాయిలు వచ్చేసారి చూద్దాం.

ముందు లెక్క సంగతి. హిజ్రీ (ఇస్లామీ పంచాంగపు) ఏడాదికి 622 కలిపేసి క్రీస్తుశకం అని రాసేస్తున్నారు. హిజ్రీ ఏడాది చాంద్రమానం, దానికి 354 రోజులే. మన 32 ఏళ్లలో వాళ్లకు 33 గడిచిపోతాయి. నా అడ్డదారి ఇది: వందకు మూడు చొప్పున తీసేసి, ఆ తర్వాత 622 కలపండి. బుఖారీ మరణించింది హిజ్రీ 256లో. 8 తీస్తే 248, 622 కలిపితే 870. నేరుగా కలిపినవాళ్లకు 878 వచ్చింది, ఆయనకు ఎనిమిదేళ్లు ఆయుష్షు పోశారు. కైరోలో అచ్చయిన ఖురాన్ ముద్రణ హిజ్రీ 1342: 40 తీసి 622 కలిపితే 1924. ఒక్కోసారి ఏడాది అటూ ఇటూ అవుతుంది, టెన్షన్ పడకండి.

ఇక అసలు విషయం. ప్రవక్త మరణం 632 అనీ, ఖలీఫాల వరుస అబూబకర్, ఉమర్, ఉస్మాన్ అనీ మళ్లీ చెప్పను. ఉల్లేఖనం చేతికి రాగానే నేను రెండే చూస్తాను: ఎవరు చెబుతున్నారు, ఆ పనికి పురమాయించినవాళ్లు దేనికి భయపడ్డారు. సంగతులు ఆ తర్వాతే.

మొదటి ఉల్లేఖనం చెబుతున్నది జైద్ బిన్ సాబిత్. మదీనావాసి, వయసులో చిన్నవాడు, ప్రవక్త దగ్గర వహీ (దైవవాణి) రాసిన లేఖకుల్లో ఒకరు. అబూబకర్ కాలంలో జరిగిన యమామా యుద్ధంలో ఖురాన్ కంఠస్థం చేసినవాళ్లు చాలామంది చనిపోయారు. ఇలాగే పోతూ ఉంటే ఖురాన్‌లో చాలా భాగం పోతుందేమోనని ఉమర్ భయం. పోగుచేయించమని అబూబకర్‌ను అడిగారు. ప్రవక్త చేయని పని నేనెలా చేస్తానని అబూబకర్ వెనకాడారు. చివరికి ఒప్పుకుని జైద్‌ను పిలిస్తే, ఆయనా అదే ప్రశ్న వేశారు. కొండను జరపమన్నా ఇంత బరువుగా ఉండేది కాదన్నారు. తర్వాత ఖర్జూరపు మట్టల మీంచి, పలుచని రాళ్ల మీంచి, మనుషుల గుండెల్లోంచి వెతికి పోగుచేశారు. ఆ పత్రాలు అబూబకర్ దగ్గర, ఆయన తర్వాత ఉమర్ దగ్గర, ఆయన తర్వాత ఉమర్ కూతురు, ప్రవక్త భార్య అయిన హఫ్సా దగ్గర ఉన్నాయి.

రెండో ఉల్లేఖనం ప్రవక్త సహచరుడు అనస్ బిన్ మాలిక్‌ది. ఇక్కడ పోతుందేమోనన్న భయం లేదు. ఆర్మేనియా, అజర్‌బైజాన్ వైపు దండయాత్రలో సిరియా, ఇరాక్ సైనికులు పఠనంలో తేడాలు పడటం ఇంకో సహచరుడు హుజైఫా చూశారు. ఈ సముదాయం చీలిపోకముందే ఏదైనా చేయమని ఉస్మాన్‌కు చెప్పారు. ఉస్మాన్ హఫ్సా దగ్గరి పత్రాలు తెప్పించి, జైద్‌తో పాటు ముగ్గురు ఖురైషీలను (ప్రవక్త తెగవాళ్లను) కూర్చోబెట్టి ప్రతులు రాయించారు. జైద్‌తో భేదం వస్తే ఖురైషుల భాషలో రాయమన్నారు. ఒక్కో ప్రాంతానికి ఒక్కో ప్రతి పంపి, అవి కాకుండా ఉన్న రాతలను కాల్చేయమన్నారు.

మరి హఫ్సా పత్రాలు? నకలు తీశాక ఆమెకు తిరిగి పంపారని అదే ఉల్లేఖనంలో, కాల్చమనడానికి ముందే ఉంది. మీరు ఆ వాక్యం దాటేశారు. ఆమె మరణం తర్వాత మదీనా గవర్నర్ మర్వాన్ వాటిని తెప్పించి నాశనం చేయించాడనే కథనాలు వేరే చోట ఉన్నాయి. ఆ పని ఉస్మాన్ ఖాతాలో రాయకండి.

నాకు చిరాకు తెప్పించే ఉచ్చు ఇంకొకటుంది. మొదటి ఉల్లేఖనం చివర తౌబా సూరా (అధ్యాయం)లోని ఆఖరి ఆయతులు (వాక్యాలు) అబూ ఖుజైమా దగ్గర తప్ప ఇంకెవరి దగ్గరా దొరకలేదని ఉంది. రెండోదాని కింద అహ్జాబ్ సూరాలోని ఒక ఆయతు ఖుజైమా బిన్ సాబిత్ దగ్గర దొరికిందని ఉంది. రెండూ కలిపేసి, ‘ఒక్క మనిషి చెప్పాడని ఖురాన్‌లో చేర్చేశారు’ అని రాసినవాళ్లున్నారు. అహ్జాబ్ మాట అనస్ చెప్పింది కాదు. అక్కడ గొలుసు (ఎవరి నోట ఎవరు విన్నారన్న వరుస) మారుతుంది: చెప్పింది ఖారిజా, జైద్ కొడుకు, తండ్రి నోట విన్నది. అంటే రెండో ఉల్లేఖనానికి విడిగా అతికిన ముక్క అది. అతుకు కనబడకపోతే రెండు కాలాలు కలిసిపోతాయి. ఆ ముక్కలో జైద్ ఏమంటున్నారో చూడండి: ప్రవక్త చదువుతుండగా నేను వినే ఆయతు ఒకటి కనబడలేదు, వెతికాం. కనబడలేదని ఆయనకెలా తెలిసింది?

రంజాన్‌లో రాత్రిపూట చేసే తరావీహ్ నమాజుకు నిలబడినవాళ్లకు ఇది విడమరిచి చెప్పనక్కర్లేదు. ఖురాన్ కంఠస్థం చేసి నమాజులో చదివే హాఫిజ్ సాబ్ ఒక ఆయతు దాటేస్తే వెనక వరుసలోంచి ఎవరో ఒకరు టక్కున అందిస్తారు. లుఖ్మా ఇవ్వడం అంటారు దాన్ని. అందించాలంటే అది ముందే తలలో ఉండాలి. జైద్‌కూ ఆయతు గుర్తుంది, వెతికింది రాతలో ఉన్న రుజువు కోసమని సంప్రదాయ పండితులు దీన్ని వివరిస్తారు. వాళ్ల వివరణను మీరు ఒప్పుకున్నా ఒప్పుకోకపోయినా, ‘దొరకలేదు’ అన్నచోట ‘ఎవరికీ తెలియదు’ అని మాత్రం చదవకండి.

గొలుసుల్లో ఇంకో సంగతి. జైద్ మాట ఉబైద్ బిన్ సబ్బాఖ్ ద్వారా, అహ్జాబ్ ముక్క ఖారిజా ద్వారా, అనస్ మాట నేరుగా వచ్చి ఒకే మనిషి దగ్గర కలుస్తాయి: ఇబ్న్ షిహాబ్ జుహ్రీ, మరణం హిజ్రీ 124, అంటే 742. ఈ ఉల్లేఖనాలు బుఖారీ కాలానికి చాలా ముందే, కనీసం జుహ్రీ నాటికే చలామణిలో ఉన్నాయని హదీసు పరిశోధకుడు హారల్డ్ మోట్జ్‌కీ వాదించింది ఈ కలయిక ఆధారంగానే. సంఘటనకూ జుహ్రీకీ మధ్య ఖాళీ అప్పటికీ మిగిలే ఉంటుంది. దాన్ని ఏంచేయాలన్నది గొలుసు ఒక్కటే తేల్చదు.

అభ్యాసం. బుఖారీ సంపుటిలోనే తఫ్సీర్ (ఖురాన్ వ్యాఖ్యానం) విభాగంలో, తౌబా సూరా కింద జైద్ ఉల్లేఖనం మరోసారి వస్తుంది. దాన్నీ మనం చదివినదాన్నీ పక్కపక్కన రాసుకోండి. బుఖారీ నుంచి జుహ్రీ దాకా గొలుసులో ఎవరెవరు మారారు? రాతకు వాడిన వస్తువుల జాబితాలో కొత్తగా ఏం చేరాయి? తౌబా ఆయతులు ఎవరి దగ్గర దొరికాయని ఉంది? మూడో జవాబు చూశాక, పైన నేను విడదీసిన రెండు పేర్ల మీద మీ అభిప్రాయం ఒక పేజీ రాయండి. అనువాదాల్లో ఆ పేరును సర్దేసినవి ఉండొచ్చు, వీలైతే అరబీ మూలం చదవగలిగినవాళ్లను పక్కన కూర్చోబెట్టుకోండి.