షార్ట్‌స్టాప్ లేని జట్టుకు ఆఫ్‌సీజన్‌లో దారేది? అట్లాంటా అనుభవంతో ఒక ప్లాన్

అక్టోబర్ చివర్లోనో నవంబర్ మొదట్లోనో వరల్డ్ సిరీస్ (మేజర్ లీగ్ బేస్‌బాల్ ఫైనల్) అయిపోతుంది. మర్నాటి నుంచే అమెరికాలో బేస్‌బాల్ అభిమానులకు ఇంకో ఆట మొదలవుతుంది. వచ్చే ఏడాది మన జట్టులో ఎవరుంటారు, ఎవరు పోతారు, ఎవరిని తెస్తారు? ఈ చర్చల్లో ఎక్కువ వేడి పుట్టించే పొజిషన్లలో షార్ట్‌స్టాప్ ఒకటి. అట్లాంటా చుట్టుపక్కల ఆల్ఫరెటా, కమింగ్, జాన్స్ క్రీక్‌లలో స్థిరపడ్డ తెలుగు కుటుంబాల్లో అక్కడి బ్రేవ్స్ జట్టు ఆట చూసేవాళ్లుంటే, వాళ్లకు ఈ టెన్షన్ 2022 చలికాలం నుంచి అలవాటైపోయి ఉంటుంది. ఆ జట్టు ఈ ఖాళీని నింపడానికి ఉన్న దారులన్నీ దాదాపు తొక్కి చూసింది. అందుకే జనరల్ మేనేజర్ (జట్టులో ఎవరుండాలో తేల్చేవాడు) కుర్చీలో కూర్చుంటే ఈ పని ఎలా చేయాలో ఎక్కువగా వాళ్ల కథ చూస్తూనే నేర్చుకుందాం.

కొత్తవాళ్ల కోసం రెండు ముక్కలు. షార్ట్‌స్టాప్ నిలబడేది రెండో బేస్‌కీ మూడో బేస్‌కీ మధ్యలో. కుడిచేతి బ్యాటర్లు నేలబారుగా కొట్టే బంతులు ఎక్కువగా అటే వస్తాయి. బ్యాటర్ మొదటి బేస్ చేరడానికి నాలుగు సెకన్లకు కాస్త పైన పడుతుంది. ఈలోపు బంతిని అందుకుని, కాళ్లు సర్దుకుని, మైదానం అవతలి వైపుకు గురి తప్పకుండా విసరాలి. క్రికెట్‌లో వికెట్ కీపర్‌తో వచ్చే తలనొప్పే ఇక్కడా ఉంది: ముందు చేతులు బాగుండాలి, ఆపైన పరుగులు కూడా కావాలి. రెండూ ఉన్నవాడు అరుదు, దొరికితే ధర ఆకాశంలో ఉంటుంది. పైగా 2023 నుంచి రెండో బేస్‌కు ఒక్కో పక్కన ఇద్దరేసి ఇన్‌ఫీల్డర్లు ఉండి తీరాలన్న రూల్ వచ్చింది. అంతకుముందు ఫీల్డర్లను ఒకే వైపుకు జరిపి షార్ట్‌స్టాప్ నెమ్మదితనాన్ని కొంత దాచగలిగేవారు. ఇప్పుడు అది కుదరదు.

మొదటి అడుగు: ఖాళీ ఎన్నేళ్లదో తేల్చుకోండి

చాలామంది ఇక్కడే దారి తప్పుతారు. ఖాళీ కనబడగానే మార్కెట్లో అందరికన్నా మంచి ఆటగాడు ఎవరని వెతుకుతారు. అసలు అడగాల్సింది అది కాదు. మన మైనర్ లీగ్ జట్లలో ఈ పొజిషన్‌కు తయారవుతున్న కుర్రాడు ఉన్నాడా? ఉంటే ఎప్పటికి సిద్ధమవుతాడు? ఏడాదిలో వస్తాడంటే మీకు కావాల్సింది ఏడాదికి అద్దె మనిషి. కనుచూపు మేరలో ఎవరూ లేకపోతే పెద్ద కాంట్రాక్టో పెద్ద ట్రేడో (వేరే జట్టుతో ఆటగాళ్ల మార్పిడి) తప్పదు. మిగతా లెక్కలన్నీ ఈ ఒక్క జవాబు మీదే ఆధారపడతాయి.

2021 చలికాలంలో న్యూయార్క్ యాంకీస్ ముందు కోరీ సీగర్, కార్లోస్ కొరియా లాంటి పెద్ద పేర్లు ఉన్నాయి. అభిమానులు వాళ్లే కావాలని గోల పెట్టారు. యాజమాన్యం మాత్రం ఆంథనీ వోల్పీ అనే కుర్రాడు వస్తున్నాడని, అప్పటిదాకా గడిస్తే చాలని ఐసాయా కైనర్-ఫలెఫాను ట్రేడ్‌లో తెచ్చుకుంది. 2022 ప్లేఆఫ్స్‌లో తప్పులు చేసి అతను బెంచీకి వెళ్లాడు. 2023లో వోల్పీ 21 ఏళ్లకే చోటు సంపాదించి, మొదటి ఏడాదే గోల్డ్ గ్లోవ్ (ఉత్తమ ఫీల్డింగ్ అవార్డు) గెలిచాడు. బ్యాటింగ్ సగటు మాత్రం .209. ఆ నిర్ణయం సరైనదా కాదా అని న్యూయార్క్‌లో ఇప్పటికీ కొట్టుకుంటూనే ఉన్నారు. సీగర్ టెక్సస్ రేంజర్స్‌కు వెళ్లి 2023 వరల్డ్ సిరీస్ ఎంవీపీ (అత్యంత విలువైన ఆటగాడు) అయ్యాడు కాబట్టి ఆ గొడవ ఇప్పట్లో ఆగదు.

రెండో అడుగు: ముందు ఇంట్లో వెతకండి

కుర్రాడికి చోటివ్వడం అన్నిటికన్నా చవక. మేజర్ లీగ్‌లో ఆటగాడు ఫ్రీ ఏజెంట్ (ఏ జట్టుతోనైనా బేరం కుదుర్చుకోగలవాడు) కావాలంటే ఆరేళ్ల సర్వీస్ పూర్తవ్వాలి. అందులో మొదటి మూడేళ్లు సాధారణంగా కనీస జీతానికి కాస్త అటూ ఇటూగా ఆడతాడు. 2025లో ఆ కనీస జీతం 7.6 లక్షల డాలర్లు. కార్లోస్ కొరియాను వదులుకున్న హ్యూస్టన్ ఆస్ట్రోస్, 2022లో కొత్త కుర్రాడు జెరెమీ పేన్యాను నిలబెట్టింది. అతను ఆ ఏడాది గోల్డ్ గ్లోవ్, లీగ్ ఛాంపియన్‌షిప్ ఎంవీపీ, వరల్డ్ సిరీస్ ఎంవీపీ అన్నీ గెలుచుకున్నాడు. అయితే అందరికీ పేన్యాలు పుట్టరు.

బ్రేవ్స్ కథ ఇక్కడే మొదలవుతుంది. 2021లో ట్రోఫీ గెలిచిన జట్టుకు షార్ట్‌స్టాప్ డాన్స్బీ స్వాన్సన్. జట్టు స్టేడియం ఉన్న కాబ్ కౌంటీలోనే పెరిగిన కుర్రాడు. 2022 డిసెంబర్‌లో షికాగో కబ్స్ అతన్ని ఏడేళ్లకు 17.7 కోట్ల డాలర్లకు పట్టుకుపోయింది. వాన్ గ్రిసమ్ అనే కుర్రాడు ఆ చోటు తీసుకుంటాడని అందరూ అనుకున్నారు. 2023 స్ప్రింగ్ ట్రైనింగ్‌లో (సీజన్‌కు ముందు జరిగే సన్నాహక శిబిరం) అతన్ని చూసి, ఫీల్డింగ్ ఇంకా పండలేదని మైనర్ లీగ్‌కు పంపేశారు. బెంచీ మీదున్న ఓర్లాండో ఆర్సియాకు చోటిచ్చి, మూడేళ్లకు 73 లక్షల డాలర్లతో ఒప్పందం రాసుకున్నారు. స్వాన్సన్‌కు ఏడాదికి వచ్చేదానిలో మూడో వంతు కూడా లేని ఈ మొత్తం, మొత్తం మూడేళ్లకు! ఆ జులైలో ఆర్సియా అభిమానుల ఓట్లతో ఆల్‌స్టార్ గేమ్‌లో నేషనల్ లీగ్ షార్ట్‌స్టాప్‌గా బరిలోకి దిగాడు.

కానీ చవక బేరం పక్క ఏడాదే చవకగా కనిపించడం మానేసింది. 2024లో ఆర్సియా సగటు .218కి పడిపోయింది. 2025 మేలో అతన్ని వదిలేశారు. అంతకుముందు చలికాలంలో ట్రేడ్‌లో తెచ్చుకున్న నిక్ అలెన్ చేతులు బంగారం. బ్యాట్‌తో మాత్రం 2025 మొత్తంలో ఒక్క హోమ్ రన్ కూడా లేదు.

ఇంట్లో వెతకడమంటే కుర్రాళ్లనే కాదు, వేరే పొజిషన్‌లో ఉన్నవాణ్ని మార్చడం కూడా. ఇది ప్రమాదకరం, కానీ ఒక్కోసారి పండుతుంది. లాస్ ఏంజెలెస్ డాడ్జర్స్ మూకీ బెట్స్‌ను చూడండి. రైట్ ఫీల్డ్‌లో ఆరు గోల్డ్ గ్లోవ్‌లు గెలిచినవాడు. 2024 మార్చిలో, సీజన్ ముంగిట్లో గావిన్ లక్స్ విసరడంలో ఇబ్బంది పడుతుంటే హడావిడిగా బెట్స్‌ను షార్ట్‌స్టాప్‌కు తెచ్చారు. ఆ ఏడాది ప్రయోగం అంతంతమాత్రమే. ఆ తర్వాతి చలికాలమంతా సాధన చేసి 2025లో పూర్తి సీజన్ అక్కడే ఆడాడు. వరల్డ్ సిరీస్ ఏడో గేమ్ చివరి డబుల్ ప్లే (ఒకే బంతికి ఇద్దరు అవుట్) మొదలైంది అతని గ్లోవ్‌లోనే. ఇందులోంచి తీసుకోవాల్సింది మార్చి, నవంబర్ల తేడా. మార్చాలనుకుంటే సీజన్ అయిపోగానే ఆటగాడికి చెప్పండి. అతనికి నాలుగు నెలలు కావాలి.

మూడో అడుగు: క్యాలెండర్ గోడకు తగిలించండి

వరల్డ్ సిరీస్ ముగిసిన ఐదు రోజులకు ఫ్రీ ఏజెంట్లు ఏ జట్టుతోనైనా సంతకం చేయొచ్చు. ఈలోపు పాత జట్టు క్వాలిఫయింగ్ ఆఫర్ ఇవ్వాలో లేదో తేల్చుకోవాలి. ఇది ఒక ఏడాది కాంట్రాక్ట్. లీగ్‌లో ఎక్కువ జీతం తీసుకునే 125 మంది సగటే దాని ధర. 2025 చలికాలంలో అది 2 కోట్ల 20 లక్షల 25 వేల డాలర్లు. ఆటగాడు కాదని వేరే జట్టుకు వెళితే కొత్త జట్టు డ్రాఫ్ట్ పిక్ (కొత్త కుర్రాళ్లను ఎంచుకునే వంతు) పోగొట్టుకుంటుంది, పాత జట్టుకు ఒకటి దక్కుతుంది. సీజన్ మధ్యలో జట్టు మారినవాడికి ఈ ఆఫర్ ఇవ్వడానికి వీల్లేదు. అందుకే అలాంటి ఆటగాళ్ల మీద ఓ కన్నేసి ఉంచండి, డబ్బు తప్ప వేరే నష్టం ఉండదు. డిసెంబర్‌లో జరిగే వింటర్ మీటింగ్స్‌లో పెద్ద ఒప్పందాలు కొన్ని తేలిపోతాయి. ఫిబ్రవరి మధ్యలో స్ప్రింగ్ ట్రైనింగ్ మొదలవుతుంది.

నాలుగో అడుగు: ఫ్రీ ఏజెంట్ కావాలంటే ఏళ్లను లెక్కపెట్టండి, కోట్లను కాదు

2022 చలికాలంలో ట్రే టర్నర్‌కు ఫిలడెల్ఫియా ఫిలీస్ 11 ఏళ్లకు 30 కోట్ల డాలర్లు ఇచ్చింది. అప్పుడతనికి 29 ఏళ్లు, కాంట్రాక్ట్ అయ్యేసరికి 40 వస్తాయి. నలభై ఏళ్ల షార్ట్‌స్టాప్‌ను ఎవరు కోరుకుంటారు? ఎవరూ కోరుకోరు. అయినా అన్నేళ్లు ఇవ్వడానికి కారణం లగ్జరీ ట్యాక్స్. బేస్‌బాల్‌లో ఐపీఎల్ తరహా గట్టి పర్స్ పరిమితి లేదు. జీతాల మొత్తం ఒక గీత దాటితే పన్ను కట్టాలి. 2025లో ఆ గీత 24.1 కోట్ల డాలర్లు. గీత పైన పడిన మొత్తం మీద మొదటిసారి 20 శాతం, వరసగా రెండో ఏడాది 30, మూడో ఏడాది నుంచి 50 శాతం. ఈ లెక్కకు తీసుకునేది కాంట్రాక్ట్ ఏడాది సగటు. 30 కోట్లను ఎనిమిదేళ్లకిస్తే ఏడాదికి 3.75 కోట్లు పడుతుంది. పదకొండేళ్లకు సాగదీస్తే 2.73 కోట్లే. చివరి ఏళ్లలో ఆట ఉంటుందన్న భ్రమతో రాసిన కాంట్రాక్ట్ కాదిది. ఈరోజు పన్ను తగ్గించుకోవడానికి రాసింది.

అలాగని సాగదీయడం ఊరికే రాదు. అదే చలికాలం శాన్ డియేగో పాడ్రెస్ జాండర్ బోగార్ట్స్‌కు 11 ఏళ్లకు 28 కోట్లు ఇచ్చింది. 2024 వచ్చేసరికి అతను రెండో బేస్‌కు మారాడు. అతని స్థానంలో షార్ట్‌స్టాప్‌గా నిలబడింది దక్షిణ కొరియా లీగ్ నుంచి నాలుగేళ్లకు 2.8 కోట్లకు వచ్చిన హా-సాంగ్ కిమ్. పదో వంతు ధర!

కాబట్టి పెద్ద సంతకం చేసేముందు అడగాల్సింది ఇది: ఇతను షార్ట్‌స్టాప్ నుంచి కదలాల్సి వస్తే రెండో బేస్‌లోనో మూడో బేస్‌లోనో ఆ జీతానికి తగ్గ బ్యాటింగ్ ఉందా? ఉంటే ముందుకెళ్లండి. కేవలం చేతుల కోసం ఏడేళ్లకు మించి ఇవ్వడం నా దృష్టిలో తప్పు. కదలిక ఎంత ఉందో చూడటానికి ఎర్రర్ల (ఫీల్డింగ్ తప్పుల) సంఖ్యను నమ్ముకోకండి, చేరుకోలేని బంతికి ఎర్రరే రాయరు. అవుట్స్ అబవ్ యావరేజ్ (సగటు ఫీల్డర్ కన్నా ఎన్ని అవుట్లు ఎక్కువ చేశాడు) అనే లెక్క చూడండి. మూడేళ్లది పక్కపక్కన పెట్టుకుంటే దిగజారుతున్నాడో లేదో కనిపిస్తుంది.

ఐదో అడుగు: డాక్టర్ చెప్పేదాకా పండగ చేసుకోవద్దు

ఒప్పందం కుదిరిందని వార్త వచ్చినంత మాత్రాన కుదిరినట్టు కాదు. 2022 డిసెంబర్‌లో కార్లోస్ కొరియాకు శాన్ ఫ్రాన్సిస్కో జెయింట్స్ 13 ఏళ్లకు 35 కోట్లు ఒప్పుకుంది. వైద్య పరీక్షలో కాలి దగ్గర పాత సర్జరీ మీద అనుమానం వచ్చి ప్రెస్ మీట్ పెట్టాల్సిన రోజే వాయిదా వేసింది. వెంటనే న్యూయార్క్ మెట్స్ 12 ఏళ్లకు 31.5 కోట్లంటూ ముందుకొచ్చింది. వాళ్ల డాక్టర్లూ అక్కడే ఆగారు. చివరికి జనవరిలో అతను మిన్నెసోటా ట్విన్స్‌తో ఆరేళ్లకు 20 కోట్లకు సంతకం చేశాడు. ఆటగాడికి పోయింది ఒక చలికాలంలో 15 కోట్లు. రెండు జట్లకేమో షార్ట్‌స్టాప్ దొరికాడన్న ధీమాలో గడిచిపోయిన విలువైన వారాలు.

ఆరో అడుగు: ట్రేడ్‌లో ఏం ఇస్తున్నారో గట్టిగా చూడండి

కాంట్రాక్ట్‌లో ఏడాది మిగిలిన స్టార్‌ను అమ్మే జట్లు ఉంటాయి. 2021 జనవరిలో క్లీవ్‌లాండ్ నుంచి ఫ్రాన్సిస్కో లిండోర్‌ను మెట్స్ అలాగే తెచ్చుకుంది. సీజన్ మొదలయ్యేలోపే పదేళ్లకు 34.1 కోట్ల ఒప్పందం రాసి కట్టేసుకుంది. అలా కట్టేసుకునే ఉద్దేశం లేకపోతే ఏడాది ఆట కోసం మంచి కుర్రాళ్లను ఇచ్చేయకండి. క్లీవ్‌లాండ్‌కు వెళ్లినవాళ్లలో ఆంద్రెస్ హిమెనెజ్ మరుసటి ఏడాదే ఆల్‌స్టార్ అయ్యాడు.

షార్ట్‌స్టాప్‌గా పనికిరాని కుర్రాడికీ విలువ ఉంటుందని మర్చిపోకూడదు. గ్రిసమ్‌ను బ్రేవ్స్ 2023 డిసెంబర్ చివర్లో బోస్టన్‌కు ఇచ్చి క్రిస్ సేల్‌ను తెచ్చుకుంది. 2024లో సేల్ నేషనల్ లీగ్ సై యంగ్ అవార్డు (ఉత్తమ పిచ్చర్‌కు ఇచ్చేది) గెలిచాడు. షార్ట్‌స్టాప్ ఖాళీ అలాగే ఉండిపోయింది, అది వేరే సంగతి.

ఏడో అడుగు: రెండోవాణ్ని కూడా ఇప్పుడే తెచ్చిపెట్టండి

2025 సెప్టెంబర్ మొదటి రోజున టాంపా బే వదిలేసిన కిమ్‌ను బ్రేవ్స్ వేవర్స్‌లో (ఒక జట్టు వదిలేసినవాణ్ని వేరే జట్టు తీసుకునే పద్ధతి) పట్టుకుంది. రెండు రోజులకే అతను షికాగోలో, స్వాన్సన్ ఆడుతున్న మైదానంలోనే, హోమ్ రన్ కొట్టాడు. ఆ సీజన్‌లో బ్రేవ్స్ షార్ట్‌స్టాప్ కొట్టిన మొదటి హోమ్ రన్ అది. చలికాలంలో కిమ్ తన 1.6 కోట్ల డాలర్ల కాంట్రాక్ట్ వదులుకుని మార్కెట్లోకి వెళ్లాడు. డిసెంబర్‌లో ఒక ఏడాదికి 2 కోట్లకు బ్రేవ్స్‌కే తిరిగొచ్చాడు. 2026 జనవరిలో దక్షిణ కొరియాలో మంచు మీద జారిపడి వేలి స్నాయువు (టెండన్) తెగింది. సర్జరీ అయ్యాక నెలల తరబడి ఆటకు దూరమయ్యాడు.

ఈసారి మాత్రం జట్టు చేతులు కట్టుకుని లేదు. నవంబర్‌లోనే అలెన్‌ను హ్యూస్టన్‌కు ఇచ్చి మారిసియో దుబోన్‌ను తెచ్చుకుంది. చాలా పొజిషన్లు ఆడగలిగే అతనికి యుటిలిటీ విభాగంలో రెండు గోల్డ్ గ్లోవ్‌లు ఉన్నాయి. కిమ్ తిరిగొచ్చినా ఇలాంటివాడు వృథా కాడు, ఇంకో చోట ఆడతాడు. రెండోవాడిగా షార్ట్‌స్టాప్ ఒక్కటే ఆడేవాణ్ని కాకుండా ఇలాంటివాణ్ని వెతకడం మంచిది.

డాడ్జర్స్ కూడా ఇలాగే బయటపడింది. 2023 జనవరిలో మిగెల్ రోహాస్‌ను మయామీ నుంచి తెచ్చింది. ఫిబ్రవరి చివర్లో లక్స్ మోకాలి లిగమెంట్ తెగింది. రోహాస్ లేకపోతే అప్పుడు మార్కెట్లో మిగిలింది ఏమీ లేదు.

ఇక చివరి పని మార్చి ఆఖరి వారంలో. జట్లన్నీ 26 మంది జాబితా ఖరారు చేసుకుంటాయి. మైనర్ లీగ్‌కు స్వేచ్ఛగా పంపే ఆప్షన్లు అయిపోయిన ఇన్‌ఫీల్డర్లు కొందరు అప్పుడు వేవర్స్‌లోకి వస్తారు. మీ 40 మంది జాబితాలో (ఆ 26 మందీ ఇందులోవాళ్లే) ఒక చోటు ఖాళీగా ఉంచుకుని, ఆ వారమంతా రోజూ వేవర్ల జాబితా చూడండి.