ఎర్ర ఆయిల్ లైటు వెలిగితే ముందు ఇంజన్ ఆపండి

పాత కారు నడిపేవాళ్ళకు ఒక మాట. డ్యాష్‌బోర్డులో ఎర్రటి నూనె డబ్బా గుర్తు వెలిగితే ‘ఆటోనగర్ దాకా పోనిద్దాంలే’ అనుకోవద్దు. పక్కకు తీసి వెంటనే ఇంజన్ ఆపేయండి. ఆయిల్ అందకుండా ఒకట్రెండు నిమిషాలు తిరిగినా బేరింగులు పట్టేయొచ్చు.

మొన్న వారధి దిగాక నాకు అదే జరిగింది. చదునైన చోట ఆపి, పది నిమిషాలు ఆగి ఆయిల్ మట్టం చూసే పుల్ల, అదే డిప్‌స్టిక్ తీశాను. తుడిచి మళ్ళీ ముంచితే ఆయిల్ రెండు గీతల మధ్యే ఉంది. కింద చుక్క కారలేదు. ఆయిల్ ప్రెషర్ తగ్గితే ఆ లైటు వెలిగించే ప్రెషర్ స్విచ్ వైరు ప్లగ్గు లాగి చూస్తే లోపలంతా ఆయిల్ జిడ్డు. స్విచ్ పోయిందనే అనిపించింది. అయినా స్టార్ట్ చేయకుండా టోయింగ్ బండి మీదే ఆటోనగర్ చేర్చాను.

స్విచ్ మార్చేసి ఊరుకోకండి. అది విప్పిన చోటే ప్రెషర్ కొలిచే గేజ్ బిగించి చూపించమని మెకానిక్‌ను గట్టిగా అడగండి. ఇంజన్ వేడెక్కాక ప్రతి 1000 ఆర్‌పీఎంకు (నిమిషానికి ఇంజన్ తిరిగే చుట్లు) ప్రెషర్ సుమారు 10 పీఎస్ఐ (ప్రెషర్ కొలత) ఉండాలన్నది పాత లెక్క. మీ కారు మాన్యువల్‌లో అంకె ఉంటే అదే పట్టుకోండి. మా బండికి 2000 దగ్గర 40 చూపించాక గానీ నా టెన్షన్ తగ్గలేదు. గేజ్‌లోనూ తక్కువ వస్తే ఆయిల్ పంపు, స్ట్రెయినర్ (ఆయిల్ జల్లెడ), బేరింగులు చూడాల్సిందే.