ఉద్యోగం మానేశాక పీఎఫ్‌లో ఈ తేదీ చూసుకోండి

హన్మకొండ, కాజీపేట నుంచి హైదరాబాద్ పోయి చిన్న కంపెనీల్లో చేరి, ఏడాది తిరగకముందే మారే పిల్లలు చాలామంది ఉన్నారు, వాళ్ల కోసమే ఇది. పాత కంపెనీ వాళ్లు మీరు మానేసిన తేదీ పీఎఫ్‌లో ఎక్కించారో లేదో చూడండి. నాకు ఎక్కించలేదు, ఎప్పుడు ఫోన్ చేసినా ‘చేస్తాం’ అనేవాళ్లు, డబ్బులు అవసరమైనప్పుడు ఆ తేదీ లేక పీఎఫ్ తీసుకోలేక ఎంత టెన్షన్ పడ్డానో. వాళ్ల కాళ్లావేళ్లా పడక్కర్లేదు, చివరిసారి పీఎఫ్ జమయ్యాక రెండు నెలలు ఆగి, 12 అంకెల యూఏఎన్‌తో (మన పీఎఫ్ నంబర్) పీఎఫ్ వాళ్ల వెబ్‌సైట్‌లోని మెంబర్ పోర్టల్‌లోకి వెళ్లి ‘మేనేజ్’ కింద ‘మార్క్ ఎగ్జిట్’ నొక్కితే తేదీ మనమే పెట్టుకోవచ్చు. ఓటీపీ ఆధార్‌కు లింకైన నంబర్‌కే వస్తుంది, ఆ సిమ్ పడేసి ఉంటే ముందు ఆధార్ సెంటర్‌లో నంబర్ మార్పించుకోండి. తేదీ వేసేటప్పుడు రిలీవింగ్ లెటర్ పక్కన పెట్టుకోండి, తేదీ తప్పు పడకూడదు.